బిల్లు డబ్బులు ఆగిపోతే ఇలా రాబట్టుకోండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న లేత్ షాపు. సరుకు తీసుకెళ్లిన పార్టీ "వచ్చే వారం చూద్దాం" అంటుంటే, ఇక్కడ జీతాల రోజు ముంచుకొస్తుంటుంది. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) చేయించుకోండి. అది ఉచితం, ఏజెంట్లకు డబ్బులివ్వకండి. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. సరుకు దింపగానే డెలివరీ చలానా మీద తేదీ, సంతకం, స్టాంపు తీసుకోండి. తర్వాత పేచీ అంతా ఆ తేదీ దగ్గరే వస్తుంది.

2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా డబ్బు కట్టే గడువు సరుకు అందిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్లు వడ్డీ కట్టాలి. మొహమాటపడకుండా ఈ మాటే మర్యాదగా రాసి పంపండి. అప్పటికీ కదలకపోతే ఆర్డరు కాపీ, బిల్లు, చలానా జతచేసి ఇలాంటి బకాయిల పేచీలు తేల్చే ప్రభుత్వ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి.