పీఎం (చెడిపోకముందే చేసే ప్రివెంటివ్ మెయింటెనెన్స్) చేసిన మర్నాడే మిషన్ ఎందుకు ఆగుద్ది? వేడి, సౌండ్, వైబ్రేషన్, ట్రిప్... ఒక్కోదానికి కారణం, రిపేరు

ఆదివారం షట్‌డౌన్ తీసుకుని పీఎం చేస్తాం, చెక్‌లిస్టు నిండా టిక్కులు పెడతాం, సోమవారం ఫస్ట్ షిఫ్ట్ మొదలై గంట కాకుండానే అదే మోటార్ బేరింగ్ కాలిపోతోందని ఫోన్ వస్తది, "నిన్ననే చేశారు కదా సార్, మరి ఇదేంటి" అని. ఈ మాట పడని మెయింటెనెన్స్ వాడు ఉండడు. నేనూ చాలా ఏళ్ళు స్పేర్లు నాసిరకం అని, ప్రొడక్షన్ వాళ్ళు మిషన్ని పిండేస్తున్నారని తిట్టుకుంటూ గడిపేశా, ఒకసారి తీరిగ్గా లాగ్ బుక్ వెనక్కి తిప్పుకుంటూ పోతే చాలా బ్రేక్‌డౌన్లకి ముందు పేజీలో మా చేతిరాతే ఉంది. గ్రీజు కొట్టాం, బెల్ట్ టైట్ చేశాం, కప్లింగ్ (మోటార్ షాఫ్ట్‌ని అవతలి మిషన్‌కి కలిపేది) విప్పి పెట్టాం, ఇలా.

ఇది మన ఒక్కళ్ళ గోల కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాల రికార్డులు వాడింగ్టన్ అనే సైంటిస్టు టీం తిరగేస్తే, 50 గంటలకోసారి చేసే ఇన్‌స్పెక్షన్ అయిన వెంటనే రిపేర్లు పెరగడం కనపడింది, విప్పడం వల్లే కొత్త తప్పులు వస్తున్నాయన్నమాట. 1978లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నోలన్, హీప్ ఇచ్చిన రిపోర్టులో అయితే వయసుతో అరిగి పోయే పార్టులు 11 శాతమే అని తేలింది, మిగతా వాటికి క్యాలెండర్ చూసి మార్చడం వల్ల లాభం పెద్దగా లేదు. ప్లాంటు మోటార్లు విమానాలు కావు, ఆ లెక్క ఉన్నదున్నట్టు మనకి వర్తించదు, కానీ బుద్ధి మాత్రం అదే.

అందుకని కింద ఏ సమస్య వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే, దీన్ని చివరిసారి ఎవరు ముట్టుకున్నారు, ఏం చేశారు. చెయ్యి పెట్టి చూసే పనేదైనా ఐసొలేటర్ (సప్లై తెంచే మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి, తాళం వేసి, మూడు ఫేజుల్లో సప్లై లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే.

గ్రీజు కొట్టాక బేరింగ్ ఇంకా వేడెక్కుతోంది

కొత్తగా గ్రీజు కొట్టాక కొన్ని గంటలు టెంపరేచర్ పెరగడం మామూలే, బాల్స్ ఆ గ్రీజుని పక్కకి తోసి దారి చేసుకునేదాకా అంతే, తర్వాత మెల్లగా దిగుద్ది. మర్నాటికి కూడా దిగలేదంటే ఎక్కువ కొట్టినట్టే. హెల్పర్ కుర్రాడి చేతికి గన్ ఇచ్చి "గ్రీజు కొట్టరా" అంటే సీల్ పక్కనుంచి బయటికి కారేదాకా కొడతాడు, వాడి తప్పు కాదు, ఎంత కొట్టాలో మనం చెప్పలేదు. లోపల ఖాళీ లేకుండా నిండితే బాల్స్ ఆ గ్రీజుని చపాతీ పిండిలా పిసుకుతూనే ఉంటాయి, ఆ పిసుకుడుకే వేడి పుడుద్ది, వేడికి గ్రీజులోని ఆయిల్ కారిపోయి గట్టి ముద్ద మిగులుద్ది, ఆఖరికి గ్రీజు ఎక్కువైన బేరింగే గ్రీజు లేక చస్తది. మోటార్‌లో అయితే ఇంకో నష్టం కూడా, ఆ ఎక్కువైంది లోపలికి పోయి వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్ట) మీద పడుద్ది.

లెక్క చాలా తేలిక. బేరింగ్ బయటి డయా, వెడల్పు రెండూ మిల్లీమీటర్లలో తీసుకుని గుణించి 0.005 తో మళ్ళీ గుణిస్తే గ్రాములు వస్తాయి. 6308 బేరింగ్ ఉందనుకోండి, డయా 90, వెడల్పు 23, అంటే దాదాపు 10 గ్రాములు. ఇక మీ గన్ ఒక్క కొట్టుకి ఎంత వదుల్తుందో కంపెనీ కాగితం చూసి నమ్మొద్దు, పది కొట్లు ఒక కవర్‌లో కొట్టి క్యాంటీన్ కాటా మీద తూచండి, వచ్చిన లెక్క గన్ మీదే పెయింట్‌తో రాసెయ్యండి. కొట్టేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచాలి, కొట్టాక కూడా అరగంటో గంటో మోటార్ నడిచాకే ప్లగ్ పెట్టాలి. ఆ ప్లగ్ మీద మూడు కోట్ల పెయింట్ పడి అసలు అక్కడ ప్లగ్ ఉందనే సంగతి మర్చిపోయిన ప్లాంట్లు బోలెడు.

కొట్టింది తక్కువే, అయినా గ్రీజు నీళ్ళలా కారుతోందంటే రెండు రకాలు కలిసినట్టు. చాలా మోటార్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది పాలీయూరియా గ్రీజు, మన స్టోర్‌లో డబ్బాలో ఉండేది లిథియం గ్రీజు, ఈ రెండిటికీ సాధారణంగా పడదు. పైన ఇంకాస్త కొట్టి సర్దుకుందాం అనుకోవద్దు, విప్పి మొత్తం కడిగి ఒకే రకం నింపాల్సిందే.

టెంపరేచర్ గన్‌తో చూసేవాళ్ళకి చిన్న మాట, మెరిసే స్టీలు మీద, అల్యూమినియం మీద గన్ తక్కువ చూపిస్తది. అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే రీడింగ్ తీయండి, ప్రతిసారీ అదే చోట.

కొత్త బేరింగ్ వేసినా నెలలోపే మళ్ళీ గరగర

పాత బేరింగ్ పారెయ్యకండి, దయచేసి. కోయించి చూడండి, కథంతా ట్రాక్ (రింగులో బాల్స్ దొర్లే దారి) మీదే రాసి ఉంటది.

బాల్స్ మధ్య దూరం ఎంతో సరిగ్గా అంతంత దూరంలో గుంటలు ఉన్నాయంటే సుత్తి దెబ్బ. షాఫ్ట్ మీదకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా బాల్స్ మీదుగానే పోవాలి, ఇంకెటు పోద్ది? షాఫ్ట్ మీదకి ఎక్కించేటప్పుడు బలం లోపలి రింగు మీద, హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీద. పెద్ద బేరింగ్ అయితే ఇండక్షన్ హీటర్‌లో 110 డిగ్రీల దాకా వేడి చేస్తే చేత్తో జారిపోద్ది, గ్యాస్ మంట మాత్రం వద్దు, ఒక పక్క మాడి స్టీలు గట్టిదనం పోతుంది.

లోపలి రింగు బోర్ అరిగి నున్నగా మెరుస్తుంటే షాఫ్ట్ మీద రింగు తిరుగుతోందని అర్థం. ఇక్కడ మనవాళ్ళు చేసే ఘనకార్యం ఏంటంటే షాఫ్ట్ మీద పంచ్‌తో చుక్కలు కొట్టి టైట్ చేశాం అంటారు. ఆ చుక్కల మొనలు వారంలో అణిగిపోతాయి, రింగు మళ్ళీ వదులు, ఈసారి వంకరగా కూడా. షాఫ్ట్‌ని మెటల్ స్ప్రే చేయించి సైజుకి గ్రైండ్ చేయించడమో, కొత్త షాఫ్ట్ వేయడమో తప్ప దీనికి దగ్గరి దారి లేదు, రాత్రిపూట మిషన్ ఆగిపోయినప్పుడు నేనూ పంచ్ కొట్టించాను, కాదనను, కానీ వచ్చే ఆదివారానికి షాఫ్ట్ పని రాసిపెట్టుకుని కొట్టించాను.

ట్రాక్ మీద బట్టలుతికే చెక్కలాగా అడ్డంగా గీతలు గీతలుగా ఉంటే అది డ్రైవ్ (స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద నడిచే మోటార్ అయి ఉంటది, షాఫ్ట్ నుంచి బేరింగ్ గుండా కరెంటు పోతోంది. ఎన్ని బేరింగులు మార్చినా ఇదే. ఎర్తింగ్, కేబుల్ షీల్డ్ కనెక్షన్ సరిచేసి, షాఫ్ట్ గ్రౌండింగ్ బ్రష్ పెట్టాలి, లేదా ఒక పక్క ఇన్సులేటెడ్ బేరింగ్ వేయాలి.

స్టాండ్‌బై పంపులది వేరే బాధ. ఆర్నెల్లు కదలకుండా ఉంటే పక్క మిషన్ వణుకుడుకే బాల్స్ ఉన్నచోట ట్రాక్ గుంటలు పడుద్ది, అవసరానికి స్టార్ట్ చేసిన రోజే అరుస్తది. వారానికోసారి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి వేరే చోట ఆపండి, ఇంకా మంచిది, వారం వారం మార్చి మార్చి నడపండి.

వైబ్రేషన్ పెరిగింది

పెన్ లాంటి చిన్న మీటర్ ఉన్నా చాలు. ఐఎస్‌ఓ 10816 (పాత స్టాండర్డ్, 2016లో దాని మొదటి భాగం స్థానంలో 20816 వచ్చింది) లెక్క ప్రకారం 15 కిలోవాట్ల లోపు మోటార్‌కి సెకనుకి 1.8 మిల్లీమీటర్ల దాకా నడపొచ్చు, 4.5 దాటితే ఆపాల్సిందే, 15 నుంచి 75 కిలోవాట్లకి ఆ అంకెలు 2.8, 7.1. అయితే నేను అంకె కన్నా మార్పుని ఎక్కువ నమ్ముతా, 15 కిలోవాట్ల పైన మోటార్‌కి ఏడాదిగా 1.2 ఉన్నది ఈ నెల 2.4 అయ్యిందంటే లిమిట్‌లోనే ఉన్నా సరే వెళ్ళి చూస్తా.

అనలైజర్ (వైబ్రేషన్‌ని స్పీడు వారీగా గీతలుగా చూపే మీటర్) ఉంటే, మోటార్ తిరిగే స్పీడు దగ్గరే ఒక్కటే పొడుగు గీత వస్తే బ్యాలెన్స్ పోయింది, స్పీడుకి రెండింతల దగ్గర గీత వచ్చి షాఫ్ట్ దిశలో కూడా ఊగుతుంటే అలైన్‌మెంట్ పోయింది (రెండు షాఫ్ట్‌లూ ఒకే గీతలో లేవు), ఒకటి రెండు మూడు నాలుగు అని వరసగా గీతలొస్తే ఎక్కడో లూజు. అనలైజర్ లేకపోతే? కప్లింగ్ విప్పి మోటార్ ఒక్కదాన్నే నడపండి. వైబ్రేషన్ పోతే గొడవ కప్లింగ్ దగ్గరో అవతలి మిషన్‌లోనో ఉంది, పోకపోతే మోటార్‌లోనో దాని కింద బేస్‌లోనో. తర్వాత మోటార్ ఆపి, కాలి మీద డయల్ గేజ్ పెట్టి ఫౌండేషన్ బోల్ట్ ఒక్కొక్కటే వదులు చేసి మళ్ళీ బిగించండి, ఏ కాలు వదులు చేస్తే సూది 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ లేస్తుందో ఆ కాలు కింద సందు ఉంది, షిమ్ (పల్చటి రేకు ముక్క) వేయాలి. ఈ సందు ఉండగా ఎంత లేజర్ అలైన్‌మెంట్ చేసినా బోల్ట్ బిగించగానే మళ్ళీ పోద్ది.

దుమ్ము లాగే బ్లోయర్ ఒక్కరోజులో దడదడలాడిపోతే బ్యాలెన్సింగ్ వాణ్ణి పిలవకముందే తలుపు తెరిచి రెక్కలు చూడండి. నెలల తరబడి పేరుకున్న మట్టి పెచ్చు ఒక రెక్క నుంచి రాలిపడి ఉంటది. మొత్తం గీకి శుభ్రం చేస్తే సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

మోటార్ ఓవర్‌లోడ్ ట్రిప్ కొడుతోంది

ఫస్ట్ తప్పు ఇక్కడే జరుగుద్ది, రాత్రి షిఫ్ట్‌లో ఎవరో రిలే (కరెంటు ఎక్కువైతే మోటార్ని ఆపేసేది, అదే ట్రిప్) డయల్ కొంచెం పైకి తిప్పి "నడుస్తోంది సార్" అంటారు. నడుస్తది, కాలేదాకా. వైండింగ్ టెంపరేచర్ 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగం అవుద్ది. స్టార్ డెల్టా స్టార్టర్‌లో (మోటార్ని ముందు తక్కువ వోల్టేజీతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది) ఇంకో తిరకాసు, రిలే వైండింగ్ వైపు ఉంటే నేమ్‌ప్లేట్ కరెంటులో 58 శాతానికి సెట్ చేయాలి, 40 ఆంప్స్ మోటార్‌కి 23 అన్నమాట. దాన్ని 40 మీద పెట్టి "మా రిలే ఎప్పుడూ ట్రిప్ కాలేదు" అని గొప్పగా చెప్పుకున్న ఎలక్ట్రీషియన్ నాకు తెలుసు, ఆ మోటార్ రెండుసార్లు రివైండింగ్‌కి వెళ్ళింది.

టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) మూడు ఫేజులూ చూడండి. మూడూ సమానంగా ఎక్కువ ఉంటే లోడ్ వైపు సమస్య, జామ్ అయిందా, బేరింగ్ పట్టేసిందా, మెటీరియల్ ఎక్కువ వేస్తున్నారా చూడాలి. ఒకటి సున్నా, మిగతా రెండూ పెరిగి ఉంటే ఫేజు పోయింది, ఫ్యూజ్, కాంటాక్టర్ పాయింట్లు, లగ్గులు చూడండి. ఒక ఫేజు మాత్రం మిగతా వాటి కన్నా తేడాగా ఉంటే తప్పు సప్లైదా మోటార్‌దా తేల్చడానికి ఒక చిట్కా ఉంది, మోటార్ దగ్గర మూడు వైర్లనీ ఒక్కో స్థానం ముందుకి జరపండి, మూడూ జరిపితే తిరిగే దిశ మారదు. ఇప్పుడు ఆ ఎక్కువ కరెంటు సప్లై ఫేజుతో పాటే ఉంటే బయట తప్పు, వోల్టేజీలో 1 శాతం తేడా ఉన్నా కరెంటులో 6 నుంచి 10 శాతం తేడా వస్తది. వైండింగ్‌తో పాటు జరిగితే మోటార్ విప్పక తప్పదు.

వానాకాలం నాలుగు రోజులు ప్లాంటు ఆగి మళ్ళీ స్టార్ట్ చేసే ముందు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వేయండి, 1 మెగాఓమ్ లోపు వస్తే స్టార్ట్ చేయొద్దు. తడి అయితే లోపల వేడి బల్బు వేలాడదీసి ఆరబెట్టి మళ్ళీ చూడండి, చాలావరకు లేస్తది. డ్రైవ్ ఉంటే దాని వైర్లు విప్పాకే మెగ్గర్, లేకపోతే మోటార్ బాగానే ఉంటది, డ్రైవ్ పోద్ది.

బెల్ట్ కీచు, కంప్రెసర్ వేడి, పంపులో రాళ్ళ శబ్దం

బెల్ట్ స్టార్టింగ్‌లో కీచుమంటే వదులు, బేరింగ్ వేడెక్కితే అతి టైటు. రెండు పుల్లీల మధ్య 100 మిల్లీమీటర్లకి 1.6 చొప్పున నొక్కుడు ఉండాలి, మీటరు దూరం అయితే 16, ఎంత బలంతో నొక్కాలో బెల్ట్ కేటలాగులో ఉంటది. నాలుగు బెల్టుల్లో ఒకటి తెగితే నాలుగూ మార్చండి, కొత్తది పొట్టిగా ఉండి బరువంతా అదే మోస్తది. వి-బెల్ట్ పుల్లీ గాడి అడుగు మెరుస్తుంటే పుల్లీ అరిగిపోయింది, బెల్ట్ పక్కలతో పట్టాలి గానీ అడుగుతో కాదు.

స్క్రూ కంప్రెసర్ ఏప్రిల్, మే నెలల్లోనే హై టెంపరేచర్ అని ఆగితే ముందు కూలర్ రెక్కలు చూడండి, దుమ్మూ ఆయిలూ కలిసి దుప్పటిలా పట్టేసి ఉంటది. గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా ఊదాలి, లేకపోతే చెత్త ఇంకా లోపలికి పోతుంది. అది కాకపోతే రూమ్, కంప్రెసర్ వదిలిన వేడి గాలినే మళ్ళీ పీలుస్తోందేమో, డక్ట్ పెట్టి బయటికి వదలండి.

పంపులో గులకరాళ్ళు పోసినట్టు శబ్దం వస్తే అది బేరింగ్ కాదు, సక్షన్ వైపు నీళ్ళు చాలట్లేదు. స్ట్రైనర్, ఫుట్ వాల్వ్, ట్యాంకు లెవెల్, అంతే. గ్లాండ్ (పంపు షాఫ్ట్ బయటికొచ్చే చోట ప్యాకింగ్‌ని నొక్కి పట్టేది) నుంచి చుక్కలు పడుతున్నాయని బిగించేయకండి, నిమిషానికి 40, 50 చుక్కలు పడాలి, ఆ నీళ్ళే ప్యాకింగ్‌ని చల్లగా ఉంచుతాయి.

సెన్సార్లు పెట్టినా బ్రేక్‌డౌన్ తగ్గట్లేదు

ఇప్పుడు అన్ని చోట్లా వైర్‌లెస్ సెన్సార్లు బిగిస్తున్నారు. నెలకి అలారం మెసేజీలు వందల్లో వస్తే రెండో నెలకి ఎవరూ ఫోన్ తెరిచి చూడరు, కారణం సాధారణంగా అన్ని మిషన్లకీ ఒకే లిమిట్ పెట్టడం. ముందు ప్రతి మిషన్ బాగున్నప్పటి రీడింగ్ రెండు మూడు వారాలు తీసుకుని దాని మీద లిమిట్ పెట్టాలి, డ్రైవ్ మీద స్పీడు మారే మిషన్ అయితే స్పీడు కూడా రాయాలి. చేత్తో తీసే రీడింగులైతే అదే చోట, అదే లోడ్‌లో తీయాలి. మా దగ్గర ఓసారి అన్ని మోటార్ల వైబ్రేషనూ ఒకేసారి తగ్గినట్టు వచ్చింది, అందరం సంబరపడ్డాం, చూస్తే పెయింటర్లు మీటర్ మాగ్నెట్ పెట్టే బిళ్ళల మీద మందంగా పెయింట్ వేసేశారు.

చెక్‌లిస్టులో "బేరింగ్ ఓకే" అనే కాలమ్ తీసేసి అంకె రాయించాం, డిగ్రీలు ఎంత, వైబ్రేషన్ ఎంత, కరెంటు ఎంత. మొదటి నెల కాగితాలు తిరగేస్తుంటే ఒక పంపు మోటార్‌కి నాలుగు వారాలూ వరసగా 52 డిగ్రీలు, 52, 52, 52. ఆ మోటార్ అందులో రెండు వారాలు రివైండింగ్ షాపులో ఉంది.