పని వచ్చు, మాట చేరడం లేదు: మేనేజర్ కావాలనుకునే టెక్నికల్ నిపుణులకు సమస్య - పరిష్కారం

టెక్నికల్ పనిలో దిట్టలైనవాళ్లు మేనేజర్ పదవికి ఒక మెట్టు కింద ఆగిపోతే ముందుగా తమ భాషను తప్పుపడతారు, లేదంటే "నాకు కలివిడితనం లేదు" అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు లోపం అక్కడ ఉండదని నా గట్టి నమ్మకం. విషయాన్ని మనం కనుక్కున్న వరుసలో చెబుతాం. వినేవాళ్లకు మాత్రం నిర్ణయం తీసుకోవడానికి వీలైన వరుసలో కావాలి.

సమస్య: పది నిమిషాలు వివరించాక "ఇంతకీ ఏం చేద్దామంటారు?" అని అడుగుతారు

కారణం: మీరు చెప్పింది దర్యాప్తు కథ. లాగ్‌లు చూశాను, కనెక్షన్ పూల్‌ను అనుమానించాను, అది కాదని తేలింది, తర్వాత ఇండెక్స్ (డేటాబేస్‌లో వెతుకులాటను వేగం చేసే సూచిక) చూశాను... సాటి ఇంజినీర్‌కు ఈ క్రమం ఇష్టమే, ఒక్కో మెట్టునూ సరిచూసుకుంటూ వింటారు. రిలీజ్ తేదీకి జవాబు చెప్పాల్సిన మనిషికి మాత్రం చివరి వాక్యం దాకా ఏమీ తేలదు.

పరిష్కారం: మొదటి వాక్యంలో మీరు అడుగుతున్నది, రెండోదానిలో దాని ప్రభావం, ఆ తర్వాతే కారణం. "శుక్రవారం రిలీజ్‌ను మంగళవారానికి జరపమని అడుగుతున్నాను. ఇలాగే వదిలితే రద్దీ వేళల్లో చెల్లింపులు ఆగిపోవచ్చు. ఒక డేటాబేస్ క్వెరీ ఇండెక్స్‌ను వాడుకోవడం లేదు; సరిచేయడానికి ఒక రోజు, పరీక్షించడానికి ఒక రోజు కావాలి." అంతే, ఆగండి. వివరాలు కావాలంటే వాళ్లే అడుగుతారు, మీ దర్యాప్తు అప్పుడు అక్కరకొస్తుంది. మెయిల్ అయితే రాయడం పూర్తయ్యాక చివరి పేరాను తీసి పైన పెట్టి చదవండి. మిగిలినదాంట్లో చాలా భాగం అనవసరమని మీకే తెలుస్తుంది.

సమస్య: "అర్థమైంది" అన్నారు, తీరా చేసింది వేరే

కారణం: ఒక విషయం తెలిశాక, అది తెలియని మనిషికి మన మాట ఎలా వినిపిస్తుందో ఊహించడం కష్టం. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వశాస్త్ర పరిశోధకురాలు ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో వేశారు, ఎదుటివాళ్లు పాటను గుర్తుపట్టాలి. సగం గుర్తుపడతారని దరువు వేసినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3. వేసేవాళ్ల తలలో పాట మోగుతూనే ఉంది, అవతలికి చేరింది ఉత్త టకటకే.

పరిష్కారం: "అర్థమైందా?" అని అడగకండి, మొహమాటానికైనా అవునంటారు. "దీన్నిబట్టి మీ టీమ్ ముందు ఏం మొదలుపెడుతుంది?" అని అడగండి. తేడా ఎక్కడుందో ఆ జవాబులో దొరుకుతుంది. అంకెను ఒంటరిగా వదలకండి: "లేటెన్సీ 800 మిల్లీసెకన్లు" అన్నాక "అంటే బటన్ నొక్కి దాదాపు సెకను ఎదురుచూడాలి" అని కలపండి.

సమస్య: ముందే హెచ్చరించాను, ఎవరూ పట్టించుకోలేదు

కారణం: హెచ్చరిక వివరాల అడుగున పడిపోయింది. 2003లో నాసా వారి కొలంబియా అంతరిక్ష నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడి రెక్కకు తగిలిన నురుగు ముక్క గురించి ఇంజినీర్లు స్లయిడ్లు సమర్పించారు. ఆ ముక్క అప్పటిదాకా పరీక్షల్లో వాడిన వాటికంటే వందల రెట్లు పెద్దదన్న సంగతి ఒక స్లయిడ్ అట్టడుగున చిన్న పాయింటుగా ఉండిపోయింది. అది చదివిన ఉన్నతాధికారికి ప్రాణాపాయం గురించి చెబుతున్నారని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదని దర్యాప్తు బోర్డు రాసింది. ఏడుగురు వ్యోమగాములు తిరిగి రాలేదు.

పరిష్కారం: ప్రమాదాన్నే శీర్షికగా పెట్టండి. ఏం జరగవచ్చు, ఎప్పటిలోగా తేల్చాలి, ఎవరు తేల్చాలి అన్న మూడూ రాయండి. "కొంచెం రిస్క్ ఉండొచ్చు" అనే మాట మీ మనసుకు ఊరటనిస్తుందేమో, ఎవరినీ కదిలించదు.

సమస్య: మీటింగ్‌లో నోరు పెగలదు

అజెండా ముందే తెప్పించుకుని ఒక ప్రశ్న రాసుకుని వెళ్లండి, మొదటి కొద్ది నిమిషాల్లోనే అడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతుంది.

సమస్య: "మీరు లేకపోతే పని ఆగిపోతుంది" అంటారు, పదవి మాత్రం వేరొకరికి

కారణం: ఆ పొగడ్తే కారణం. మిమ్మల్ని కదిలిస్తే ఆ చోటు ఖాళీ అవుతుందని భయం. రెండోది, మీకు ఆ పదవి కావాలని మీరు ఎవరితోనూ తెగేసి చెప్పి ఉండకపోవచ్చు.

పరిష్కారం: మీ చేతిలో మాత్రమే ఉన్న పనుల జాబితా రాసి, ఒక్కొక్కటీ మరొకరికి నేర్పండి. వాళ్లు చేస్తుంటే పక్కన ఉండండి, మౌస్ లాక్కోకండి. 2008లో గూగుల్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఆక్సిజన్‌లో మంచి మేనేజర్ల లక్షణాలు ఎనిమిది తేలితే, మొదటి స్థానం శిక్షణ ఇచ్చే గుణానిది, చివరి స్థానం టెక్నికల్ నైపుణ్యానిది. చివరిదైనా అది జాబితాలో ఉంది, మీ అనుభవం వృథా పోదు. ఆపైన మీ మేనేజర్‌ను సూటిగా అడగండి: "నాకు టీమ్‌ను నడపాలని ఉంది. ఇప్పుడు నాలో ఏది తక్కువ? అది నేర్చుకోవడానికి ఏ పని అప్పగిస్తారు?"

సమస్య: టీమ్ లీడ్ అయ్యాక కూడా కోడంతా మీరే రాస్తున్నారు

కారణం: కోడ్ రాస్తే ఫలితం సాయంత్రానికల్లా కనిపిస్తుంది. మనుషులతో చేసే పనికి నెలలు పడుతుంది, ఆలోపు రోజంతా వృథా చేసినట్టే ఉంటుంది. ఈ బాధ నిజమైనది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

పరిష్కారం: గడువు మీద ఉన్న ముఖ్యమైన కోడ్ తీసుకోకండి, ఇతరుల కోడ్ రివ్యూలు, చిన్న టూల్స్ చాలు. వారానికోసారి టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చోండి. పని పురోగతి కోసం ఆ సమయం వాడకండి, దానికి వేరే చోట్లున్నాయి. "ఎక్కడ ఇరుక్కున్నావు, నేనేం అడ్డు తీయగలను?" అని అడిగి, విన్నదాంట్లో ఒక్కటైనా తర్వాతి వారంలోపు తీర్చండి.