బెల్టు బిగించాక అర్థం సంగతి

కథల పోటీలకు వచ్చే రాతప్రతులు చదివి వడపోయడం నా పని. వాటిలో ఎవరైనా చనిపోగానే దీపం ఆరిపోతుంది. కోడలికి కష్టం వస్తే పంజరంలో చిలక కనిపిస్తుంది. ఆ దీపంలో నూనె ఎవరు పోశారో, ఆ చిలకకు జామకాయ ఎవరు పెడుతున్నారో మాత్రం ఎక్కడా ఉండదు. ప్రతీకగా నిలబడటం తప్ప వాటికి ఆ ఇంట్లో వేరే పని లేదు.

అందుకే ప్రతీక కోసం వెతకవద్దంటాను. మీ పాత్ర రోజూ ముట్టుకునే వస్తువును పట్టుకోండి. భర్త పోయాక బట్టలు కుట్టి కొడుకును చదివించే మనిషి కథ రాస్తున్నారనుకుందాం. కాలితో తొక్కే కుట్టుమిషను ఉంది. కథ మొదలుపెట్టక ముందే దాని గురించి ఒక పేజీ రాయండి. నూనె ఎక్కడ వేస్తుంది, బాబిన్‌లో దారం ఎప్పుడు అయిపోతుంది, జాకెట్టుకు ఎంత తీసుకుంటుంది, కుట్టుకూలి ఎగ్గొట్టేది ఎవరు. ఈ పేజీలో చాలా భాగం కథలోకి రాదు.

కానీ అందులో మీరు అనుకోనిది ఒకటి దొరుకుతుంది. మా పిన్నికి అలాంటి మిషను ఉండేది కాబట్టి ఈ గొడవ నాకు తెలుసు: తొక్కుడు చక్రాన్ని మిషనుకు కలిపే తోలు బెల్టు వాడగా వాడగా సాగుతుంది. చక్రం మీద జారుతుంది, ఎంత తొక్కినా సూది సరిగా ఆడదు. అప్పుడు బెల్టును కాస్త కోసి, చివరలను మళ్ళీ తీగ కొక్కెంతో కలుపుతారు. పొడవు సరిపోతుంది గాని తోలు పలచబడుతూ వస్తుంది.

ఇక దాన్ని కథలో మూడుసార్లు వాడండి. మొదటిసారి అది ఇబ్బందిగా రావాలి: పెళ్ళివారి జాకెట్లు తెల్లారేసరికి ఇవ్వాలి, బెల్టు జారుతోంది. రెండోసారి మాటల మధ్యలో రావాలి: కొడుకు హాస్టల్ ఫీజు గురించి ఫోనులో చెబుతుంటే, ఆవిడ ‘సరేలే నాన్నా’ అంటూ బెల్టు కోస్తూ ఉంటుంది. మూడోసారి వేరే చెయ్యి పడాలి. సెలవులకు వచ్చిన కొడుకు ‘నేను బాగుచేస్తానుండమ్మా’ అని కూర్చుని అవసరానికి మించి కోసేస్తాడు. ఇప్పుడు రెండు చివరలూ కలవవు. అక్కడ మీరు ఒక్క ముక్క మాట్లాడకూడదు. ‘ఆమె బతుకూ ఆ బెల్టులాగే’ అని రాశారా, నేను ఆ రాతప్రతి పక్కన పెట్టేస్తాను.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ మళ్ళీ చదవండి. 1952లో అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. అందులో గాలివాన ముందు గాలివానే. రైలు, స్టేషను, తడి, చలి, కూలే గోడలు. కథానాయకుడు రావుగారి నియమాలు కూలడం దాని వెనకే వస్తుంది. చివర చనిపోయిన బిచ్చగత్తె ఒక చేతిలో ఆయన పర్సు, మరో చేతిలో స్టేషనులోని టికెట్ల డబ్బు. రెండూ మామూలు వస్తువులే. అంతకు ముందు ఆ చేతులే ఆయనను చలి నుంచి కాపాడాయి గనుక, దొంగ అని తేల్చి ఊరుకోలేం.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ దారి వేరు. హోమగుండం ఎక్కడా లేదు. పేజీలకు పేజీలు అప్పు, పంచాయితీ, వాదన. కొందరికి విసుగు పుడుతుందట. నాకైతే ఆ లెక్కలే కథకు ప్రాణం. అప్పు కొడుకు మీద పడకూడదని తండ్రే కొడుకును నరికేసే సరికి, పేరులోని మాట అంతసేపు చదివిన లెక్కలన్నిటికీ అంటుకుంటుంది. కథంతా లెక్క, పేరు ఒక్కటే ప్రతీక.

వివరాలు ఎక్కువైనా ముప్పే. గది గోడల రంగు, క్యాలెండర్, కిటికీ తెర వదిలేయండి. డబ్బు ఖర్చయ్యేవి, చేతులు మారేవి, పాడయ్యేవి ఉంచుకోండి.

రాశాక ఒకరికి చదివి వినిపించి ‘ఏం జరిగింది?’ అని అడగండి. ‘ఏం అర్థమైంది?’ అని మాత్రం అడగవద్దు. వాళ్ళు కథ చెబుతూ బెల్టు దగ్గర కాస్త ఆగితే సరిపోయినట్టే. ‘బెల్టంటే ఆ తల్లి కదా’ అని మొదటే అన్నారంటే ఎక్కువ నొక్కారన్నమాట. ఒక సన్నివేశంలో దాన్ని తగ్గించండి, సాధారణంగా రెండోది. బెల్టు ఊసే ఎత్తకపోతే అర్థం పెంచడానికి పోకండి, మొదటి సన్నివేశంలో తొందర పెంచండి. పెళ్ళివారి మనిషి గుమ్మంలో కూర్చుని ఉంటే చాలు. పేరు మాత్రం ‘బెల్టు’ అని పెట్టకండి. ఆవిడ వీధి పేరో, కొడుకు పేరో పెట్టుకోండి.