కాలువ కట్టే ముందే పూడిక తీసే మనిషికి కూలి చూడండి

పల్నాడులో 2,140 మంది ఉన్న మా పంచాయతీకి 2021 నుంచి ఐదేళ్లు సర్పంచ్‌గా చేశాను. నేను వచ్చేసరికే ఊళ్లో సిమెంటు కాలువలకు కొదవ లేదు. వాటిలో పూడిక తీసే దిక్కే లేదు. రామాలయం వీధి కాలువ అంచు దాకా నిండి, ఆ నల్లనీళ్లు పెద్ద చెరువులోకి దిగేవి. 2022లో చేపల పాటకు వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి ఆ నీళ్లు చూసి, పాట పాడకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత మేం చేసిన పనులు, చేసిన తప్పులు కొత్త సర్పంచులకు, వార్డు సభ్యులకు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు ఊరంతా నడవండి. పొద్దున్నే కుళాయి వదిలే వేళకు, చేతిలో ఊరి పటం, ఎర్ర పెన్ను పట్టుకుని బయల్దేరండి. ఏ ఇంటి నీళ్లు ఎటు పోతున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఏ సెప్టిక్ ట్యాంకు పైపు కాలువలో కలుస్తోంది, అన్నీ గుర్తు పెట్టండి. మా ఊళ్లో అలాంటివి 61 ఇళ్లు తేలాయి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు అయితే ఊరు సంభాళించుకోగలదు. మరుగుదొడ్డి నీళ్లు వాటితో కలిశాయంటే చిన్న పంచాయతీ వల్ల అయ్యే పని కాదు. ఆ 61 ఇళ్ల పైపులు ఇంకుడు గుంతల వైపు తిప్పించడానికి మాకు ఏడాది పట్టింది. నోటీసులతో ఒక్క పైపూ కదల్లేదు. ప్రతి ఇంటి అరుగు మీదా కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది.

ఎన్ని నీళ్లు వస్తాయో లెక్క కట్టడం సులువే. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. అందులో ముప్పావు వంతు మురుగుగా బయటికొస్తుందనుకుంటే మాకు రోజుకు దాదాపు 88 వేల లీటర్లు. సొంత బోర్లున్న ఇళ్లకు ఇంకొంచెం కలుపుకోండి.

నేల ఎలాంటిదో చూడకుండా ఇంకుడు గుంత తవ్వకండి. మేం తవ్వాం. స్కూలు వెనక వీధిది నల్లరేగడి. అక్కడ కట్టించిన 18 గుంతలు తొలి వానలకే నిండిపోయి దోమల పాలయ్యాయి. అప్పుడు ఆ వీధివాళ్లు పడిన బాధ గుర్తొస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. పరీక్షకు పైసా ఖర్చు లేదు. అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ పోసి, నీటిమట్టం దగ్గర గీత పెట్టిన పుల్ల గుచ్చి గడియారం చూడండి. ఎర్రనేలలో అంగుళం దిగడానికి 9 నిమిషాలు పట్టింది. నల్లరేగడిలో గంటన్నర గడిచినా నీళ్లు గీతను వదల్లేదు.

నీళ్లు ఇంకే చోట నాలుగడుగుల గుంత చాలు. అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్నవి. గుంతకు ముందు జాలీ ఉన్న చిన్న తొట్టి తప్పనిసరి. మెతుకులు, జిడ్డు అక్కడే ఆగాలి, వారానికోసారి ఇంట్లోవాళ్లే తీసేయాలి. తాగునీటి బావికీ బోరుకీ తగినంత దూరం ఉంచండి.

నీళ్లు ఇంకని వీధులకు కాలువే గతి. కాలువకు ప్రాణం వాలు. అది కంటికి తెలియదు. మేస్త్రీని లెవెల్ గొట్టం తెమ్మనండి. నీళ్లు నింపిన ఆ సన్న గొట్టం ఒక కొస ఎగువన, ఒక కొస దిగువన పట్టుకుని, నీటిమట్టం నుంచి కాలువ అడుగుకు టేపు వేయాలి. రామాలయం వీధిలో అలా కొలిస్తే చివరి భాగం ఎగువ కంటే 4 అంగుళాలు ఎత్తుగా తేలింది. బిల్లు ఎప్పుడో అయిపోయిన కాలువ అది. అందుకే ఎంబుక్ (బిల్లుకు ఆధారమైన పని కొలతల పుస్తకం) రాయకముందే లెవెల్ గొట్టం పెట్టించండి.

చెరువులో కలిసే ముందు చెత్త ఆపే జాలీ, ఇసుక దిగే తొట్టి, తర్వాత మెట్టతామర, జమ్ము నాటిన కంకర మడి పెట్టాం. పంజాబ్‌లో పర్యావరణ కార్యకర్త సంత్ బల్బీర్ సింగ్ సీచెవాల్ ఊళ్ల మురుగును తేర్చి పొలాలకు మళ్లించారని తెలుసుకున్నాకే మాకు ధైర్యం వచ్చింది.

ఇక డబ్బు. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు మురుగునీటి పనులకు తలకు 280 రూపాయల వరకు లెక్కగట్టారు. మాకు అది 5,99,200. అందులో 30 శాతం, అంటే 1,79,760, పంచాయతీ తనకు కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టాల్సి వచ్చింది. 2021-26 కాలానికి ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేశారు. గుంతల పనికి ఉపాధి హామీ తోడైంది. గ్రామ సభ ఒప్పుకున్న ప్రణాళిక పంచాయతీల సర్కారు వెబ్‌సైట్ ఇ-గ్రామ్ స్వరాజ్‌లో ఎక్కిందో లేదో మీరే చూసుకోండి, లేకపోతే బిల్లు దగ్గర టెన్షన్ పడాలి. ఇప్పటి నిబంధనలు ఎంపీడీవో ఆఫీసులో అడగండి.

స్వచ్ఛ భారత్ డబ్బు నిర్మాణాలకే. ఆర్థిక సంఘం డబ్బు వచ్చినప్పుడే వస్తుంది, పూడిక మాత్రం నెలనెలా పడుతుంది. అందుకే గ్రామ సభలో ఇంటికి నెలకు 30 రూపాయలు అడిగాను. గొడవైంది. రెండో సభకు చేపల పాట రిజిస్టర్ తెచ్చి పైకి చదివించాను. అంతకు ముందేడు 3,10,000, ఆ ఏడు సున్నా. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, ‘‘ఇంటికి ఎంత పడిందో చెప్పమ్మా’’ అన్నాడు. 540 ఇళ్లకు పంచితే 574 రూపాయలు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం ఆ రోజే అయింది.

తొలి ఏడాది నెలకు 390 ఇళ్లు కట్టాయి, 11,700 వచ్చింది. ఇద్దరు మనుషులకు చెరో 10 రోజులు, రోజుకు 500 చొప్పున 10,000. మిగిలింది గమ్‌బూట్లకు, గ్లవ్స్‌కు, పారలకు. ప్రతి నెలా జమాఖర్చు పంచాయతీ గోడ మీద రాయించాం. మరుసటి ఏడు కట్టే ఇళ్లు 470 అయ్యాయి.

సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపకండి, ఎంత బతిమాలినా, ఎంత తొందరైనా సరే. విషవాయువుకు ఒక్క నిమిషం చాలు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. రెండు మూడేళ్లకోసారి మిషన్ ట్యాంకర్‌తోనే తీయించండి. ఆ ట్యాంకర్ ఎక్కడ ఖాళీ చేస్తుందో ముందే తేల్చుకోండి, లేకపోతే రాత్రిపూట పక్క ఊరి కాలువ గట్టున వదిలేస్తారు.

తీసిన పూడికను గట్టు మీదే వదలకండి. రెండు రోజులు ఆరనిచ్చి ట్రాక్టర్‌లో ఎత్తించాలి. ఆ అద్దె బడ్జెట్‌లో రాయడం మేం మర్చిపోయాం. మొదటి వానకే అంతా తిరిగి కాలువలో పడింది.