ఫోన్‌లో వైఫై వస్తోంది, కంప్యూటర్‌లో రావట్లేదా? ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

కంప్యూటర్‌లో నెట్ ఆగిపోగానే చాలామంది చేసే పని ఏంటంటే సెట్టింగ్స్ ఓపెన్ చేసి కనపడిందల్లా నొక్కెయ్యడం. నేనూ అదే బ్యాచ్. ఒకసారి రెండ్రోజులు డ్రైవర్లతో (వైఫై కార్డ్ లాంటి భాగాల్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) కుస్తీ పట్టి, చివరికి విండోస్ మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, అయినా సాయంత్రం అయ్యేసరికి నెట్ కట్ అవుతూనే ఉండేది. అసలు దొంగ ఎవరో కింద చెప్తా. ఏదీ మార్చకముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే ఇక్కడ దారి ఒకటి కాదు రెండు. కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా ఉండేది వైఫై, రౌటర్ నుంచి బయటికి వెళ్ళేది ఇంటర్నెట్ లైన్. మొదటిది బాగుండి రెండోది తెగిపోయినా మీ కంప్యూటర్‌లో వైఫై సిగ్నల్ ఫుల్‌గానే ఉంటుంది, అది చూసి మోసపోవద్దు.

అందుకని మొదట ఫోన్ తీసి అదే వైఫైకి కనెక్ట్ చేసి ఏదో ఒక సైట్ తెరవండి, కానీ మొబైల్ డేటా ఆఫ్ చేసి మరీ చూడండి, లేకపోతే ఫోన్ నెమ్మదిగా డేటా మీదకి దూకేసి అంతా బాగానే ఉందన్నట్టు నటిస్తుంది.

ఫోన్‌లో కూడా రాకపోతే కంప్యూటర్ జోలికి వెళ్ళకండి, పాపం దాని తప్పేం లేదు. రౌటర్ ప్లగ్ తీసి అర నిమిషం ఆగి పెట్టండి, లైట్లన్నీ సర్దుకోవడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు టైమ్ ఇవ్వండి. ఫైబర్ కనెక్షన్ అయితే బాక్స్ మీద ఎల్ఓఎస్ అనే లైట్ ఎర్రగా ఉందేమో చూడండి, అది వెలిగిందంటే కేబుల్‌లోంచి సిగ్నలే రావట్లేదని అర్థం, సన్న కేబుల్ ఎక్కడైనా మడత పడిందేమో చూసి కంపెనీకి కాల్ చెయ్యడమే. ఇంకోటి, రౌటర్ వెనక చిన్న కన్నంలో ఉండే రీసెట్ బటన్‌ని పిన్నుతో పొడవకండి బాబూ. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే వైఫై పేరూ పాస్‌వర్డే కాదు, కనెక్షన్ యూజర్‌నేమ్ లాంటివి కూడా ఎగిరిపోతాయి, అప్పుడు ఒక సమస్య కాస్తా రెండవుతుంది.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే అప్పుడు అసలు పని మొదలు. విండోస్‌లో సెర్చ్‌లోకి వెళ్ళి సీఎండీ (cmd) అని కొడితే నల్ల విండో వస్తుంది, భయపడకండి, చూడ్డమే తప్ప ఏం మార్చట్లేదు. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషులో స్పేస్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వైఫై అని ఉన్నచోట ఐపీవీ4 అడ్రస్ (మీ కంప్యూటర్ నంబర్), డిఫాల్ట్ గేట్‌వే (మీ రౌటర్ నంబర్) అని రెండు నంబర్లు కనపడతాయి. అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ మీ కంప్యూటర్‌కి అడ్రస్ ఇవ్వలేదు, అదే సొంతంగా ఒకటి పెట్టేసుకుంది అని లెక్క. అలాంటప్పుడు వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ చేసి పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టి కనెక్ట్ అవ్వండి, చాలావరకు అక్కడితో అయిపోతుంది.

అడ్రస్ బాగానే ఉంటే పింగ్ చేసి చూడాలి, అంటే అవతలి యంత్రం పలుకుతోందా అని చిన్న సందేశం పంపి చూడ్డం. పింగ్ (ping) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ గేట్‌వే నంబర్ ఇవ్వండి, ఎక్కువ ఇళ్ళల్లో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయ్యుంటుంది. రిప్లై రాకపోతే గొడవ మీకూ రౌటర్‌కీ మధ్యే. వస్తే తర్వాత 8.8.8.8కి కొట్టండి, అది గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్, దానికి రిప్లై వచ్చిందంటే మీ కంప్యూటర్ బయటిదాకా వెళ్ళొస్తోంది. అయినా సైట్లు తెరుచుకోవట్లేదంటే సైట్ పేరుని నంబర్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా కొట్టిందని డౌట్ పడాలి. వైఫై ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్‌ని మాన్యువల్ చేసి 8.8.8.8 కానీ, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ 1.1.1.1 కానీ పెట్టి చూడండి. ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయిన వీపీఎన్, ప్రాక్సీ (మీ నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పి పంపేవి) ఉన్నా అచ్చం ఇలాగే ఉంటుంది, వాటినీ ఓసారి ఆఫ్ చేసి చూడండి. అన్ని సైట్లూ సెక్యూర్ కాదని ఎర్ర వార్నింగ్ ఇస్తుంటే మాత్రం కంప్యూటర్‌లో డేటు టైము చూడండి, పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీద బటన్ బ్యాటరీ అయిపోతే డేట్ ఏళ్ళు వెనక్కి పోతుంది.

ఇప్పుడు నా దొంగ సంగతి. నెట్ పూర్తిగా పోకుండా వచ్చిపోతూ ఉంటే గేట్‌వేకి పింగ్ కొట్టేటప్పుడు చివర స్పేస్ ఇచ్చి హైఫన్ టీ (-t) అని పెట్టండి, ఆపేదాకా కొడుతూనే ఉంటుంది, కంట్రోల్ సీ నొక్కితే ఆగుతుంది. నేను అలా పెట్టి కూర్చుంటే 2, 3, 2 మిల్లీసెకన్లు అని హాయిగా పోతున్నది ఒక్కసారిగా 400 అయ్యింది, తర్వాత టైమ్డ్ అవుట్, అంటే జవాబే రాలేదని, మళ్ళీ టైమ్డ్ అవుట్. సరిగ్గా అప్పుడే బ్యాకప్ కోసం పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. తీసేశా, మళ్ళీ 2, 3. పెట్టా, మళ్ళీ 400. విషయం ఏంటంటే యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి కేబుళ్ళు పనిచేసేటప్పుడు వైఫై కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో నాయిస్ వదుల్తాయి, నా వైఫై డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై పరికరం) సరిగ్గా దాని పక్క పోర్ట్‌లోనే ఉంది. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని మూడడుగులు దూరం జరిపితే అయిపోయింది. దీనికోసం విండోస్ ఎగరగొట్టుకున్నా, తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ 2.4 చుట్టుపక్కలే ఉంటాయి, పక్కింటి రౌటర్లు సరేసరి. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారండి, స్పీడ్ ఎక్కువ, రద్దీ తక్కువ, కాకపోతే గోడలు దాటడంలో వీక్, రెండు గదులవతల ఉంటే 2.4 నయం. 2.4లోనే ఉండాలంటే రౌటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ 1, 6, 11 లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి, పక్కపక్కన పెట్టినా ఒకదాని మీద ఒకటి పడనివి ఈ మూడే. రౌటర్‌ని కప్‌బోర్డ్‌లోనో ఫ్రిజ్ వెనకో అక్వేరియం పక్కనో దాచకండి, ఇనుమూ నీళ్ళూ సిగ్నల్‌కి పడవు. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ వెనక యాంటెన్నాలు బిగించారా లేదా చూడండి, అవి కొన్న డబ్బాలోనే ఉండిపోయిన కేసులు నేనే రెండు చూశా.

అసలు నెట్‌వర్క్ పేర్లే కనపడకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ చూడండి, ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీతో కలిపి ఏదో నొక్కినా వైఫై ఆఫ్ అయిపోతుంది. మీ ఒక్క నెట్‌వర్కే కనపడకపోతే కంప్యూటర్‌లోని వైఫై కార్డ్ పాతదై 5 గిగాహెర్ట్జ్ సపోర్ట్ లేకపోయుండొచ్చు. కనపడినా, పాస్‌వర్డ్ కరెక్టే అయినా కనెక్ట్ అవ్వకపోతే రౌటర్‌లో సెక్యూరిటీని (వైఫై పాస్‌వర్డ్ రక్షణ పద్ధతి) డబ్ల్యూపీఏ3 నుంచి 2, 3 కలిసిన మోడ్‌కి మార్చి చూడండి.

స్లీప్ నుంచి లేచాకే నెట్ పోతుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే అందులో పవర్ సేవ్ చెయ్యడానికి దీన్ని ఆపొచ్చు అనే టిక్ తీసెయ్యండి. అప్‌డేట్ తర్వాత మొదలైన గోల అయితే అక్కడే డ్రైవర్ ట్యాబ్‌లో పాత డ్రైవర్‌కి తిరిగి వెళ్ళే రోల్ బ్యాక్ ఉంటుంది. కొత్త డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి, నెట్ లేకుండా ఎలా అంటారా, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది.

ఇవన్నీ అయ్యాకే నెట్‌వర్క్ రీసెట్. విండోస్ 11లో అయితే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది, సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు పోతాయి, వీపీఎన్ మళ్ళీ సెట్ చేసుకోవాలి, కాబట్టి వైఫై పాస్‌వర్డ్ ముందే ఎక్కడైనా రాసుకోండి. దానికీ లొంగకపోతే ఎవరిదైనా యూఎస్‌బీ వైఫై డాంగిల్ అడిగి పెట్టి చూడండి, అందులో నెట్ బాగా వస్తే లోపలి కార్డ్ పోయినట్టే, అదే డాంగిల్ లాంటిది ఒకటి కొనుక్కుని పని కానిచ్చేయండి, హార్డ్ డిస్క్‌కి దూరంగా పెట్టుకోండి మరి.