నీటి రోబో మునగకుండా, తేలిపోకుండా: బయాన్సీ (నీళ్లు వస్తువుని పైకి నెట్టే బలం) సెట్ చేసే పద్ధతి

పీవీసీ పైపులు, బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడే పంపు) మోటార్లతో ఇంట్లో చేసిన రోబోని మొదటిసారి నీళ్లలో దింపితే సాధారణంగా రెండే జరుగుతాయి: బుడుంగున అడుక్కి పోతుంది, లేదంటే బెండులా పైనే తేలుతూ మోటార్లు ఎంత తిప్పినా దిగనంటుంది. పెద్ద మోటార్లు వేస్తే సరిపోతుందనుకోకండి, బ్యాటరీ దండగ. ముందు బయాన్సీ సంగతి చూడాలి.

ఫ్రేమ్ పైపులకి పైనా కిందా రంధ్రాలు పెట్టండి, నీళ్లు లోపలికి వెళ్లాలి, గాలి బయటికి పోవాలి. ఒక్క మూలలో గాలి ఇరుక్కున్నా ఇవాళ చేసిన లెక్క రేపటికి పనికిరాదు, అందుకే నీళ్లలో అటూ ఇటూ వంచి, తట్టి, బుడగలు ఆగేదాకా ఓపిక పట్టండి.

తర్వాత లగేజీ తూచే చేతి త్రాసుకి రోబోని తాడుతో కట్టి, నీళ్ల డ్రమ్ములో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. త్రాసు 350 గ్రాములు చూపిస్తే అంత బరువుని పైకి లాగే ఫ్లోట్లు కావాలన్నమాట. బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లున్న పైపుని రెండు వైపులా సీల్ చేస్తే ప్రతి 10 సెంటీమీటర్లకీ సుమారు 80 గ్రాముల నీటిని పక్కకి నెడుతుంది, పైపు సొంత బరువు పోగా దాదాపు 50 గ్రాములు మిగులుతుంది (గోడ మందాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ). అంటే 35 సెంటీమీటర్ల ముక్కలు రెండు, పైన చెరో పక్కన.

స్విమ్మింగ్ పూల్‌లో వాడే మెత్తటి ఫోమ్ గొట్టాలు చవకే, రెండు మూడు మీటర్ల లోతు వరకు పర్లేదు కూడా. కానీ 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది, ఫోమ్ నలిగి తేల్చే బలం తగ్గుతుంది, దాంతో రోబో ఇంకా కిందికి జారుతుంది, జారేకొద్దీ ఫోమ్ ఇంకా నలుగుతుంది. లోతుకి పంపేదైతే సీల్ చేసిన పైపే నయం.

ఫ్లోట్లన్నీ పైన, బరువులన్నీ కింద. ఈ రెంటి మధ్య ఎడం ఎంత ఉంటే రోబో అంత నిటారుగా ఉంటుంది. ముక్కు కిందికి వాలితే వెంటనే వెనక బరువు కట్టేయకుండా, ముందు ఫ్లోట్లని కాస్త ముందుకి జరిపి చూడండి, అందుకే ఫ్లోట్లని కట్టే జిప్ టైలు (ప్లాస్టిక్ పట్టీలు) చివరిదాకా గట్టిగా లాగొద్దు. ఆ తర్వాత కింద ఒక్కో వాషరే కడుతూ, అడుగున వదిలితే మెల్లగా పైకి వచ్చే దగ్గర ఆపేయండి. కరెంటు పోయినా అదే తేలి వస్తుంది.

ఇదంతా పైనుంచి రోబోకి కరెంటు ఇచ్చే కేబుల్ తగిలించే చేయాలి. అందులోని రాగి తీగ మునుగుతుంది, రోబో వెనక భాగాన్ని కిందికి లాగుతుంది. కేబుల్‌కి మీటరుకో చిన్న ఫోమ్ ముక్క కట్టండి.

సముద్రంలో దింపేవాళ్లకి ఇంకో లెక్క ఉంది. ఉప్పునీళ్లు దాదాపు 2.5 శాతం బరువెక్కువ కాబట్టి 4 లీటర్ల నీటిని పక్కకి నెట్టే రోబోకి ఇంకో 100 గ్రాముల బరువు తగిలించాలి. అయితే వానాకాలం తర్వాత బంగాళాఖాతంలో నదుల నీళ్లు కలిసి పైపొరలో ఉప్పు తగ్గుతుంది, కాబట్టి విశాఖ వెళ్లేటప్పుడు వాషర్లు, త్రాసు సంచిలో వేసుకుని అక్కడి నీళ్లలోనే మళ్లీ తూచుకోండి.