రాయితీ ఉన్నా బిల్లు ఎందుకు తగ్గలేదు? కరెంటు, గ్యాస్ సబ్సిడీల సమస్యలు - పరిష్కారాలు

"మాకు రాయితీ ఉందన్నారు, బిల్లు మాత్రం అలాగే వచ్చింది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఒకే కారణం. రాయితీ ఒకచోట పడుతుంది, మనం ఇంకోచోట వెతుకుతాం. తెలంగాణలో గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా వాడే ఇళ్ళకు జీరో బిల్లు ఇచ్చే పథకం) డబ్బు బిల్లులోనే తీసివేతగా కనిపిస్తుంది. గ్యాస్ సిలిండర్ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఏజెన్సీ రసీదులో దాని జాడ ఉండదు. సోలార్ సబ్సిడీ ఒక్కసారే ఖాతాకు వస్తుంది. ఆ తర్వాత నెలనెలా బిల్లు తగ్గించేది సబ్సిడీ కాదు, మీటరు.

అందుకే ఎవరితోనైనా గొడవ పడేముందు మీ పథకం డబ్బు ఎక్కడ పడాలో తేల్చుకోండి. కింద ఉన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు.

సమస్య: తెల్ల రేషన్ కార్డు ఉంది, 200 యూనిట్ల లోపే వాడాం, అయినా జీరో బిల్లు రాలేదు

తెలంగాణలో గృహజ్యోతి 2024 ఫిబ్రవరి 27న మొదలైంది, మార్చి నుంచి జీరో బిల్లులు ఇవ్వడం మొదలుపెట్టారు. రేషన్ కార్డు ఉంటే చాలు, దానంతట అదే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. పథకాల కోసం ప్రభుత్వం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తులో రేషన్ కార్డు, ఆధార్, కరెంటు సర్వీస్ నంబర్ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. ఈ మూడింట్లో ఎక్కువగా తప్పు పడేది సర్వీస్ నంబరే. బిల్లు మీద రెండు నంబర్లుంటాయి, ఒకటి సర్వీస్ నంబర్, ఇంకోటి యూనిక్ సర్వీస్ నంబర్. ఒకదాని బదులు ఇంకోటి రాసినా, ఒక్క అంకె తారుమారైనా మీ దరఖాస్తు ఇంకెవరి మీటరుకో అతుక్కుంటుంది, లేదా ఎక్కడా అతుక్కోకుండా ఉండిపోతుంది.

తాజా బిల్లు, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు తీసుకుని గ్రామాల్లో అయితే ఎంపీడీఓ ఆఫీసుకు, పట్టణాల్లో అయితే మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి సవరణ అడగండి. దరఖాస్తు నంబర్ ఉన్న రసీదు మీ దగ్గర ఉంటే పని సగం తేలిక. నంబర్ సరిచేశాక వాళ్ళ స్క్రీన్ మీద కనిపించే సర్వీస్ నంబరును మీ బిల్లులోని నంబరుతో ఒక్కో అంకే చదివి సరిచూసుకోండి. క్యూలో మన వెనక పదిమంది ఉన్నారని మొహమాటపడితే ఇంకో నెల పోతుంది.

అద్దె ఇంట్లో ఉన్నా ఈ పథకం వర్తిస్తుంది. కాకపోతే ఖాళీ చేసి వెళ్ళిన పాత అద్దెదారు కార్డే ఆ మీటరుతో ముడిపడి ఉంటే మీది ఎక్కదు. అలాగే ఒక రేషన్ కార్డుకు ఒక్క కనెక్షనే. కింద పోర్షన్‌కి ఒకటి, పై పోర్షన్‌కి ఒకటి మీటర్లు పెట్టించి రెండింటికీ జీరో రావాలంటే కుదరదు. పాత బకాయి ఉందేమో కూడా చూడండి. బిల్లులో ఎరియర్స్ అని కనిపించే మొత్తం పథకం కిందకు రాదు, అది మీరు కట్టాల్సిందే.

సమస్య: పోయిన నెల సున్నా, ఈ నెల పదకొండు వందల పైన

ఫోన్లలో ఎక్కువగా వినపడే టెన్షన్ ఇదే. మోసం జరిగిందనే అనుకుంటారు. ముందు యూనిట్ల గడి చూడండి. 201 గానీ, ఆ పైన గానీ ఉంటే కారణం అక్కడే ఉంది.

గృహజ్యోతిలో 200 యూనిట్లు ఫ్రీ అంటే మొదటి 200 ఫ్రీ, మిగతాదానికే డబ్బులు అని కాదు. నెల వాడకం 200 దాటిందంటే మొత్తం బిల్లు కట్టాలి. పైగా తెలంగాణలో వాడకం పెరిగేకొద్దీ మీరు వేరే గ్రూపులోకి వెళ్తారు, అక్కడ మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. లెక్క చూడండి. సరిగ్గా 200 యూనిట్లకు రాయితీ లేనివాళ్ళకు మొదటి వందకు రూ. 3.40, తర్వాతి వందకు రూ. 4.80 చొప్పున ఎనర్జీ ఛార్జీ రూ. 820 అవుతుంది. 201 అయ్యిందా, ఆ 200 యూనిట్లకూ రూ. 5.10, మిగిలిన ఒక్కదానికి రూ. 7.70. మొత్తం రూ. 1,027.70. దీనికి కస్టమర్ ఛార్జీ రూ. 100, కిలోవాట్‌కు రూ. 10 ఫిక్స్‌డ్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ కలిపితే ఒక కిలోవాట్ కనెక్షన్ ఉన్న ఇంటికి దాదాపు రూ. 1,150 తేలుతుంది. జీరో బిల్లు ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు అది.

ఇలా గీత గీసి అవతల పడేయడం నాకు న్యాయంగా అనిపించదు. దాటిన యూనిట్లకే వసూలు చేసినా ఖజానాకు కొంపలు మునిగేదేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇంటి కనెక్షన్లన్నిటికీ ఒకే గ్రూపు ఉంది. అక్కడ 225 దాటితే ఆ పై యూనిట్లకు మాత్రమే రూ. 8.75 పడుతుంది, వెనకటి యూనిట్ల రేటు కదలదు. కానీ ఉన్న రూల్ ఇదీ అన్నప్పుడు దాన్ని బట్టే మసలుకోవాలి.

200 లోపు ఉండాలంటే రోజుకు ఆరున్నర యూనిట్లు అని గుర్తుపెట్టుకోండి. బిల్లు వచ్చిన రోజు దాని మీద ఉన్న ప్రస్తుత రీడింగ్‌ను మీటరు పెట్టె పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసేయండి. పదిహేను రోజులకు మీటరు చూడండి. డిస్‌ప్లేలో తేదీ, టైము, వోల్టేజీ, ఇంకేవేవో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని పక్కన కనిపించే అంకె వచ్చేదాకా ఆగి, అందులోంచి గోడ మీది అంకె తీసేయండి. వంద దాటిందంటే మిగిలిన రెండు వారాలు చెయ్యి బిగించాల్సిందే.

ఎక్కడ బిగించాలో కూడా తెలియాలి. లైట్లు ఆర్పి ఆదా చేశామనుకుంటే ఒరిగేది తక్కువ. 2,000 వాట్ల గీజర్ అరగంట ఆన్‌లో ఉంటే ఒక యూనిట్ గాలికి పోయినట్టే. పాతకాలపు 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే 11 లోపే. ఇంట్లో మూడు ఫ్యాన్లు మార్చితే నెలకు 48 యూనిట్లు మిగులుతాయి. నెలనెలా 210, 220 దగ్గర తచ్చాడే ఇంటికి అంతకంటే మంచి పెట్టుబడి కనిపించదు.

సమస్య: మేం ఎక్కువేం వాడలేదు, రీడింగ్ వాళ్ళే ఆలస్యంగా వచ్చారు

ఇది నిజంగా జరిగేదే. బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టండి. ఉదాహరణకు 34 రోజులకు 214 యూనిట్లు వచ్చాయనుకుందాం. 214ని 34తో భాగించి 30తో హెచ్చవేస్తే 188 చిల్లర. అంటే మీ నెల వాడకం 200 లోపే. ఆ లెక్కను బిల్లు వెనక రాసి, రెండు నెలల బిల్లులు జతచేసి, బిల్లులు సవరించే ఈఆర్‌ఓ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. "ఎక్కువొచ్చింది, తగ్గించండి" అని నోటిమాటగా అడిగేవాళ్ళకీ, తేదీలతో లెక్క చూపించేవాళ్ళకీ అక్కడ దొరికే జవాబు వేరు.

ఇంటికి తాళం ఉన్న నెల సగటు మీద బిల్లు వేసి, తర్వాతి నెల అసలు రీడింగ్ తీస్తే కూడా ఇలాగే యూనిట్లు ఒక్కసారిగా పైకి కనిపిస్తాయి. అప్పుడు రెండు నెలల యూనిట్లను రెండుగా విడగొట్టి లెక్క కట్టారో లేదో చూడండి. ఊరెళ్ళేముందు మీటరు బయటివైపు కనిపించేలా ఉంచితే అసలు ఈ గొడవే రాదు.

సమస్య: యూనిట్లు సరిగ్గానే ఉన్నాయి, కానీ కింద ఏవో కొత్త మొత్తాలు కలిశాయి

మూడింటిని విడిగా గుర్తుపట్టాలి. ఏసీడీ అని ఉంటే అది వాడకం ఛార్జీ కాదు, డిపాజిట్. మీ సగటు బిల్లు పెరిగినప్పుడు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, అదనపు డిపాజిట్ అడుగుతుంది, అది మీ పేరిటే ఉంటుంది, దానికి వడ్డీ కూడా జమ చేయాలి. డెవలప్‌మెంట్ ఛార్జీ అని ఉంటే మీరు రాయించుకున్న లోడ్ కంటే ఎక్కువ లోడ్ మీటరులో నమోదైందని అర్థం. ఒక కిలోవాట్ కనెక్షన్‌తో ఏసీ పెడితే జరిగేది ఇదే.

మూడోది ఆంధ్రప్రదేశ్ వాళ్ళను ఎక్కువ గందరగోళపెట్టేది. టారిఫ్ పెంచలేదంటారు, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఎఫ్‌పీపీసీఏ, ట్రూ అప్ అనే వరసలు చూడండి. బొగ్గు, కొనుగోలు కరెంటు ఖర్చు పెరిగినప్పుడు ఆ తేడాను వినియోగదారుల దగ్గరే రాబట్టుకునే సర్దుబాటు ఇది. ఎఫ్‌పీపీసీఏ కింద యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా బిల్లులో కలపడానికి నిబంధన ఉంది. స్లాబ్ రేటు ఒక్క పైసా మారకపోయినా 250 యూనిట్ల ఇంటికి ఇది వంద రూపాయలు. దీనికి మీ స్థాయిలో చేయగలిగింది లేదు. ఏ నెల వాడకానికి వేశారో చదివి, ఆ నెల యూనిట్లతో లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం ఒక్కటే.

సమస్య: పైకప్పు మీద సోలార్ పెట్టించాం, సబ్సిడీ రాలేదు లేదా బిల్లు తగ్గలేదు

ఇవి రెండూ వేరు వేరు సమస్యలు, కలపకండి.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు రూ. 30,000, మూడో కిలోవాట్‌కు రూ. 18,000, మొత్తం గరిష్ఠంగా రూ. 78,000. ఐదు కిలోవాట్లు పెట్టినా అంతే. ప్యానెళ్ళు బిగించిన రోజే డబ్బు రాదు. నెట్ మీటర్ (లోపలికి వచ్చిన కరెంటును, బయటికి పోయినదాన్ని విడిగా లెక్కించే మీటరు) పెట్టి, డిస్కం వాళ్ళు తనిఖీ చేసి, పోర్టల్‌లో కమిషనింగ్ పూర్తయ్యాక గానీ ఖాతాలో పడదు. అక్కడిదాకా అయినా రాలేదంటే కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో చూడండి. మీటరు చనిపోయిన తాతగారి పేరున, దరఖాస్తు మనవడి పేరున ఉంటే ఫైలు కదలదు. ముందు పేరు మార్పు చేయించుకోవాలి. ఇన్‌స్టాలర్ పెట్టినవి మన దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెళ్ళు కాకపోతే సబ్సిడీయే రాదు. అడ్వాన్స్ ఇవ్వకముందే కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి.

ఇక బిల్లు సంగతి. నెట్ మీటర్ రాకముందే సిస్టమ్ ఆన్ చేసేసి, "ఎండ వృథా ఎందుకు" అనుకునేవాళ్ళున్నారు. ఇళ్ళల్లో ఉండే చాలా మామూలు డిజిటల్ మీటర్లకు కరెంటు లోపలికి వచ్చిందా, బయటికి పోయిందా అనే తేడా తెలియదు. బయటికి పంపిన దాన్ని కూడా వాడకంగానే లెక్కేస్తాయి. అలా బిల్లు తగ్గకపోగా పెరుగుతుంది. నెట్ మీటర్ పెట్టేదాకా స్విచ్ ఆఫ్‌లో ఉంచడమే మేలు.

నెట్ మీటర్ వచ్చాక వచ్చే అనుమానం ఇంకోటి. ఇన్వర్టర్ యాప్‌లో నెలకు 360 యూనిట్లు తయారైనట్టు చూపిస్తుంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్, అంటే గ్రిడ్‌కు పంపింది, 240 మాత్రమే ఉంటుంది. 120 యూనిట్లు ఎవరో కొట్టేసినట్టు కనిపిస్తుంది. ఆ 120ని పగలు మీ ఫ్రిజ్, మోటార్, ఫ్యాన్లు నేరుగా వాడేసుకున్నాయి. అవి మీటరు దాకా రానే రాలేదు. గ్రిడ్ నుంచి తీసుకున్నది 310 అయితే, 310లోంచి 240 తీసేయగా మిగిలిన 70 యూనిట్లకే బిల్లు. సరిచూడాల్సింది ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు రెండూ మీటరు మీద ఉన్నట్టే బిల్లులోకి ఎక్కాయా అన్నది. ఎక్స్‌పోర్ట్ గడి సున్నా ఉంటే రీడింగ్ తీసినవాళ్ళు దాన్ని వదిలేశారన్నమాట. మీటరు డిస్‌ప్లే ఫోటో తీసి వెంటనే ఫిర్యాదు పెట్టండి. నెట్ యూనిట్లు సున్నాకు వచ్చినా ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు మాత్రం వస్తూనే ఉంటాయి.

సమస్య: సిలిండర్‌కు పూర్తి డబ్బు కట్టాం, తిరిగి రాలేదు

తెలంగాణలో రూ. 500 సిలిండర్, ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత సిలిండర్ల పథకం దీపం-2, కేంద్రం ఇచ్చే ఉజ్వల రూ. 300, ఏదైనా సరే మామూలుగా ముందు పూర్తి ధర కట్టాలి, తర్వాత ఖాతాలో జమ. ఉజ్వల డబ్బు, రాష్ట్రం డబ్బు విడివిడిగా కూడా పడవచ్చు కాబట్టి ఒకటే మొత్తం కోసం వెతక్కండి.

డబ్బు మీరు ఏజెన్సీలో ఇచ్చిన పాస్‌బుక్‌లోకే వస్తుందని నమ్మకం లేదు. ఆధార్ ఆధారంగా జమ అయ్యేది ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో ఉండే జాబితా) చివరగా సీడింగ్ అయిన, అంటే మీ ఆధార్‌తో జతైన బ్యాంకుకు. మధ్యలో ఎక్కడో కొత్త ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే డబ్బంతా నిశ్శబ్దంగా అందులో చేరుతూ ఉండొచ్చు. మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. అది సరిగ్గానే ఉంటే గ్యాస్ కనెక్షన్‌కు ఈకేవైసీ అయిందో లేదో ఏజెన్సీలో అడగండి.

కొన్ని సిలిండర్లకు వచ్చి ఆగిపోయిందంటే కోటా అయిపోయి ఉండొచ్చు. తెలంగాణలో గత మూడేళ్ళ సగటు వాడకాన్ని బట్టి ఏడాదికి ఎన్ని అనేది నిర్ణయించారు. దీపం-2లో నాలుగు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు. ఒకే విడతలో రెండు బుక్ చేస్తే రెండోదానికి డబ్బు రాదు.

ఎక్కడా తేలకపోతే

కరెంటు ఫిర్యాదు ముందు 1912కు చేయండి, ఫిర్యాదు నంబర్ రాసుకోండి. మీటరే తప్పుగా తిరుగుతోందని అనుమానముంటే ఫీజు కట్టి మీటర్ టెస్ట్ అడగవచ్చు. సెక్షన్ ఆఫీసు, ఈఆర్‌ఓ దగ్గర పని జరగకపోతే డిస్కంలో ఉండే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, సీజీఆర్‌ఎఫ్ అంటారు, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి. వకీలు అక్కర్లేదు, తెలుగులో రాస్తే చాలు. అక్కడి తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళే హక్కు మీకుంది. మీ అర్జీతో పాటు కనీసం ఆరు నెలల బిల్లులు, తేదీ కనిపించేలా తీసిన మీటరు ఫోటో, 1912 ఫిర్యాదు నంబర్ జతచేయండి. స్పాట్ బిల్లింగ్ కాగితం మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి.